సరోజినీ నాయుడి ఇంట్లో నాటకాలా, మ్యూజియమా?

సంచారి_నల్గొండ

నాంపల్లి స్టేషన్ రోడ్డులో గోల్డెన్ థ్రెషోల్డ్ ఉంది కదా, సరోజినీ నాయుడి ఇల్లు. కొన్నేళ్ల కిందట అక్కడ ఒక నాటకం చూశాను. నాటకం బాగుంది, దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. కానీ నేను వెళ్లింది ఆమె కోసం. ఏ కిటికీ దగ్గర కూర్చుని రాసేదో, ఏ గదిలో ఎవరెవరు దిగేవారో తెలుస్తుందని ఆశపడ్డాను. ఆ సాయంత్రం నా కళ్లకు ఆనినవి స్టేజీ, లైట్లు, డైలాగులు వల్లె వేసుకుంటున్న కుర్రాళ్లు. మొన్న మా మేనకోడలు "హైదరాబాదులో రచయితల ఇళ్లు ఏమున్నాయి మామయ్యా, కాలేజీలో రాసుకు రమ్మన్నారు" అంటే ముందు ఈ ఇంటి పేరే చెప్పాను. చెప్పినప్పటి నుంచి ఇదే ఆలోచన.

రచయిత ఇల్లు జనం చేతికి వచ్చాక దాన్ని ఆ మనిషి జ్ఞాపకంగా కాపాడాలా, నలుగురూ వచ్చి ఆడి పాడే చోటుగా చెయ్యాలా? నా ఓటు జ్ఞాపకానికే. నాటకానికి రవీంద్రభారతి ఉంది, ఇంకా చాలా హాళ్లున్నాయి. ఆమెకు మన ఊళ్లో ఉన్నది ఈ ఒక్క ఇల్లే.

చార్మినార్_చాయ్

సంచారన్నా, ఆ ఇంట్ల జనం లేనిదెన్నడు? మొదటి సంది మందితోని నిండి ఉన్న ఇల్లు అది. బల్ల, కుర్చీ అద్దాల పెట్టి తాళం ఏస్తే సరోజినమ్మ ఇల్లు అయితదా?

రంగస్థలి

"నాటకానికి చాలా హాళ్లున్నాయి" అన్నారు చూడండి, అక్కడే నాకు పేచీ. హాళ్లు ప్రదర్శనకు ఉన్నాయి. రిహార్సల్‌కు ఎక్కడున్నాయి? ఒక్క సాయంత్రం ఆడే నాటకానికి నెలల తరబడి సాధన కావాలి. ఇరవై మంది కేకలు పెట్టి ఏడ్చి నవ్వుతుంటే ఏ అపార్ట్‌మెంటు వాళ్లు ఊరుకుంటారు? పార్కుల్లో, మేడల మీద, ఎవరో దయతలచి ఇచ్చిన స్కూలు గదిలో ఆదివారాలు చేసుకుంటూ వచ్చినవాళ్లం మేము. 2012లో సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ల థియేటర్ ఔట్‌రీచ్ యూనిట్ ఆ ఇంట్లో పని మొదలుపెట్టినప్పుడు మాకు ఊరి నడిబొడ్డున ఒక చిరునామా దొరికింది. బస్సు దిగి నడిచి వెళ్లే దూరం. గచ్చిబౌలి క్యాంపస్‌లో పెట్టి ఉంటే పాతబస్తీ కుర్రాడు రోజూ వచ్చేవాడా?

అబిడ్స్_ఆదివారం

చార్మినార్ అన్నది ఊరికే అన్న మాట కాదు, ఆధారం ఉంది. నేను పాత పుస్తకాల కోసం ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద తిరిగేవాణ్ని, ఈ ఇంటి గురించి చదివినదంతా అలా దొరికిన పుస్తకాల్లోదే.

సరోజిని తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ. ఎడిన్‌బరోలో సైన్స్‌లో డాక్టరేటు చేసి నిజాం కొలువుకు వచ్చి ఇక్కడ కాలేజీ మొదలుపెట్టాడు. తర్వాత నిజాం కాలేజీ అయింది అదే. 1883లో చాందా రైల్వే ఒప్పందం మీద సర్కారును నిలదీసినందుకు ఆయన్ని రాజ్యం నుంచి వెళ్లగొట్టారు, కొన్నాళ్లకు మళ్లీ పిలిపించుకున్నారు. ఆ మనిషి తోటలో రోజూ దర్బారే. కూతురు ఒక ఉత్తరంలో రాసింది: అన్ని మతాల పండితులు, రాజాలు, బిచ్చగాళ్లు, సాధువులు, పచ్చి దుర్మార్గులు కూడా అక్కడ కలగలిసి కూర్చునేవారని, అందరికీ ఒకటే మర్యాద అని. ఉన్న డబ్బంతా రెండిటికే పోయిందట. ఒకటి పరులకు సాయం, రెండోది రసవాదం, అంటే బంగారం చేసే ప్రయత్నం. ఈ ఉత్తరం 1905లో లండన్‌లో అచ్చయిన ఆమె మొదటి కవితల పుస్తకం ముందుమాటలో కనబడుతుంది. ఆ పుస్తకం పేరే తర్వాత ఇంటికి పెట్టారు.

తల్లి వరదసుందరి బెంగాలీలో కవిత్వం రాసేది. ఒక తమ్ముడు వీరేంద్రనాథ్ బెర్లిన్ చేరి విప్లవకారుడయ్యాడు. ఇంకో తమ్ముడు హరీంద్రనాథ్ కవి, నాటకకర్త, నటుడు. ఇలాంటి కుటుంబం ఇంట్లో నాటకం పరాయిది ఎలా అవుతుంది సంచారి గారూ?

బెజవాడ_బాబ్జీ

హరీంద్రనాథ్ మా బెజవాడ ఎంపీ అండీ! 1952 ఎన్నికల్లో ఇండిపెండెంటు, కమ్యూనిస్టుల మద్దతు. మా తాతయ్య ఆయనకు ఓటేసిన సంగతి చనిపోయేదాకా చెప్పాడు. హిందీ సినిమాల్లో తెల్లజుట్టు తాత వేషాలు వేసినాయన కూడా ఆయనే. మా పిల్లలకి ఎంపీ అంటే నమ్మరు, తాత అంటే గుర్తుపడతారు.

చార్మినార్_చాయ్

బాబ్జీ భాయ్, సరోజినమ్మ కొడుకు జయసూర్య గూడ గదే 1952ల మెదక్ నుంచి గెలిచిండు. మేనమామ బెజవాడ, మేనల్లుడు మెదక్. తెలుగోళ్ల ఓట్లు రెండు దిక్కులా గా ఇంటికే పడ్డయి.

సంచారి_నల్గొండ

అబిడ్స్ గారూ, ఇదంతా విలువైన సమాచారం. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. అఘోరనాథ్ తోటకు వచ్చినవాళ్లు అఘోరనాథ్ కోసం వచ్చారు. సరోజిని ఉన్నప్పుడు వచ్చినవాళ్లు సరోజిని కోసం వచ్చారు. ఇప్పుడు వచ్చే ప్రేక్షకుల్లో ఎంతమంది ఆమె కవిత ఒక్కటైనా చదివి ఉంటారు? ఇంటి పేరు తెలుస్తుంది, ఇంటావిడ తెలియదు. మీరు రాసిన ఆ ఉత్తరం సంగతి ఆ గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలని అడగడం తప్పా? మూడు భాషల్లో, తెలుగు ముందు.

పాతవిద్యార్థి_హెచ్‌సీయూ

అక్కడ చదువుకున్నవాళ్ల వైపు నుంచి ఒక మాట. ఆ ఇల్లు నేరుగా నాటకాలకు వెళ్లలేదు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం, ఆ తర్వాత ఆ గొడవలు చల్లార్చడానికి కేంద్రం తెచ్చిన ఆరు సూత్రాల పథకం. హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆ పథకంలో ఒక హామీ. 1974లో యూనివర్సిటీ ఏర్పడింది కానీ కూర్చోవడానికి చోటు లేదు. పద్మజా నాయుడు తన తల్లి ఇంటిని ఇచ్చారు. 1975లో ఇందిరా గాంధీ ప్రారంభించారు. ఆ ఏడాదే పద్మజ గారు పోయారు.

అంటే అంత పెద్ద యూనివర్సిటీ ముందు ఈ ఇంటి గదుల్లోనే నడిచింది. తరగతులన్నీ గచ్చిబౌలికి వెళ్లిపోయాక కూడా ఇల్లు ఖాళీ కాలేదు. 1988లో వచ్చిన లలితకళల విభాగానికి ఆమె పేరే పెట్టారు, సరోజినీ నాయుడు స్కూల్ అని. నాటకం, నృత్యం, చిత్రకళ నేర్చుకునే పిల్లలు ఈ వసారాల్లోనే తిరిగారు. కూతురు తల్లి ఇంటిని చదువుకు ఇచ్చింది, ఆ చదువులోంచే నాటకం వచ్చింది. ఇచ్చినావిడ మనసుకు ఇదేమీ దూరం కాదు.

గోదారిగట్టు

మా రాజమండ్రి సంగతి చెప్తానండి. వీరేశలింగం పంతులు గారి ఇల్లు ఇప్పటికీ ఉంది, పురావస్తు శాఖ కింద ఉందండి. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించిన మనిషి ఇల్లు. ఊళ్లో ఎంత వ్యతిరేకత వచ్చినా జరిపించిన పెళ్లి అది. ఆ గడపలో కాలు పెడితే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. అది నాటకాల హాలు అయితే నేను ఒప్పుకోను. సంచారి గారి పక్షమే నేను.

ఇంకో సంగతండి. సరోజినికీ డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారికీ 1898 డిసెంబరులో మద్రాసులో పెళ్లి జరిపించింది మా పంతులు గారే. బెంగాలీ బ్రాహ్మణ అమ్మాయి, తెలుగు నాయుడు గారబ్బాయి. బ్రహ్మసమాజ వివాహం. కాబట్టి ఆ నాంపల్లి ఇంటి మీద మాకూ వియ్యపు వరస ఉంది.

రంగస్థలి

గోదారిగట్టు గారూ, వీరేశలింగం గారే మీ ఊళ్లో 1890లో టౌన్‌హాలు కట్టించారు కదా? నలుగురూ చేరి మాట్లాడుకోవడానికి చోటు లేదని తన డబ్బు పెట్టి కట్టించిన మనిషి. ఆయన్ని అడిగితే నా ఇంట్లో కూర్చోండి అంటారా, తాళం వెయ్యండి అంటారా? పైగా ఆయన ప్రహసనాలు రాసినాయన.

గోదారిగట్టు

టౌన్‌హాలు వేరే కట్టించారు కాబట్టే ఇల్లు ఇల్లుగా ఉండొచ్చంటున్నానండి. కూడుకోడానికి హాలు, తలుచుకోడానికి ఇల్లు. రెండూ ఆయనే ఇచ్చిపోయారు.

అబిడ్స్_ఆదివారం

ఇది బాగా చెప్పారు. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు.

విజీనారం_చిన్నోడు

గురజాడ ఇల్లు మా ఊళ్లో కోటకి దగ్గరే. సెప్టెంబరు 21, నవంబరు 30 వస్తే జనం, దండలు, దేశభక్తి గీతం. బడి పిల్లలు పాడతారు, బాగానే ఉంటాది. మరి మిగతా రోజులో? వెళ్లి చూస్తే ఇద్దరో ముగ్గురో. "కన్యాశుల్కం" 1892లో మొదట ఆడింది మా ఊళ్లోనే. ఆ ఇంటి ముందు నెలకో రాత్రి ఒక్క అంకం ఆడితే చాలండి. గిరీశం మాటలు ఆ వీధిలో వినబడాలి. మా ఊరోడు మా ఊరి యాసలో అంటే అది వేరు.

లలిత_పి

చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఈ చర్చ చూశాక అడగకుండా ఉండలేకపోతున్నాను. మా తాతగారు కవి. పెద్ద పేరున్నవారు కాదు, మా జిల్లాలో తెలిసినవారు. డెల్టాలో ఒక చిన్న టౌన్‌లో పెంకుటిల్లు, ముందు అరుగులు, లోపల మండువా. సాయంత్రం అయితే అరుగు మీద అవధానులు, బడిపంతుళ్లు, హరికథలు చెప్పేవాళ్లు, ఒక దర్జీ కూడా. ఆ దర్జీ గారికి భాగవతం పద్యాలు నోటికి వచ్చేవి. తాతగారు పోయాక ఇల్లు మూతపడింది. మా నాన్న, ఇద్దరు బాబాయిలు. ఒక బాబాయి అపార్ట్‌మెంటుకు ఇద్దామంటారు, నాన్న మ్యూజియం అంటారు, చిన్నబాబాయి మాట్లాడరు.

తాతగారి పుస్తకాలు ముందే ఒక గ్రంథాలయానికి ఇచ్చాం. రెండేళ్ల తర్వాత వెళ్తే మేము కట్టిన తాళ్లు విప్పకుండా గోనెసంచుల్లోనే ఉన్నాయి. కింది సంచికి చెద పట్టింది. అమ్మ అక్కడే కూర్చుని ఏడ్చింది. అందుకే మళ్లీ ఎవరికో అప్పగించాలంటే భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?

చార్మినార్_చాయ్

లలితక్కా, సంచుల ముచ్చట సదివి కడుపుల దేవినట్టయింది. ఇల్లు మాత్రం అమ్మనియ్యకు.

సున్నం_సుధాకర్

పాత ఇళ్ల మరమ్మతు నా వృత్తి కాబట్టి లలిత గారికి ముందు ఇది. మూసిన ఇల్లు నిలబడదమ్మా. పెంకుటిల్లు అసలే నిలబడదు. పెంకు ఒకటి జరిగితే మనిషి ఉన్న ఇంట్లో ఆ వానకే తెలుస్తుంది, ఎక్కి సర్దుతారు. మూసిన ఇంట్లో మూడు వానలకు వాసం నానుతుంది, తర్వాత దూలం. గాలి ఆడని గదిలో గోడ అడుగున చెమ్మ, చెమ్మ ఉన్నచోట చెద. మ్యూజియం అని పేరు పెట్టి ఏడాదికి రెండుసార్లు తెరిచే ఇళ్లు ఎక్కువగా పాడయ్యేది ఇలాగే. రోజూ తలుపులు తెరిచి ఊడ్చి, నలుగురు తిరిగితే సగం మరమ్మతు దానంతట అదే జరుగుతుంది.

రెండోది, దయచేసి సిమెంటు పూయించకండి. సున్నపు గోడ చెమ్మను పీల్చి బయటకు వదులుతుంది. పైన సిమెంటు పూస్తే లోపలి తడి బయటకు రాలేక ఉప్పు పేరుకుని ఇటుకతో సహా రాలిపోతుంది. రంగులు కూడా అంతే, ప్లాస్టిక్ పెయింటు వద్దు, సున్నమే వేయించండి. డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువైపోయారు, కానీ ఉన్నారు. వాళ్లను వెతకడానికి పట్టే కాలం దండగ కాదు.

రంగస్థలి

సుధాకర్ గారు రాసింది నా వాదనకు నేను అనుకోని బలం. జనం తిరిగే ఇల్లే నిలుస్తుంది.

సంచారి_నల్గొండ

జనం తిరగాలి, సరే. మ్యూజియంలో కూడా జనం తిరుగుతారు కదా, రోజూ తెరిస్తే. లైట్ల స్టాండ్లు ఈడ్చి, మేకులు కొట్టి, సెట్లు ఆనించే జనమూ, చేతులు కట్టుకుని చూసే జనమూ ఇంటికి ఒకటేనా సుధాకర్ గారూ?

సున్నం_సుధాకర్

ఒకటి కాదు. మేకు కొట్టనివ్వకూడదు, సున్నపు గోడకైతే అసలే వద్దు. వాడే గదులు, చూసే గదులు విడదియ్యాలి. బరువైన పరికరాలు ఆవరణలోనే.

ఖరగ్‌పూర్_కామేశ్

మా రైల్వే కాలనీ తెలుగువాళ్లం కలకత్తా వెళ్తే జోరాసాంకో చూడకుండా రాము. ఠాగూర్ పుట్టిన ఇల్లు, పోయిన ఇల్లు. అక్కడ రెండూ ఉన్నాయి. ఒక వైపు మ్యూజియం, ఆయన కన్నుమూసిన గది, కుటుంబం ఫోటోలు. ఇంకో వైపు రవీంద్రభారతి విశ్వవిద్యాలయం, 1962లో పెట్టారు, సంగీతం, నాట్యం, నాటకం నేర్పడానికే. గదిలో నిశ్శబ్దంగా చూసి వస్తుంటే పక్క మేడ నుంచి పాట సాధన వినబడుతుంది. బైశాఖం 25న, అంటే ఆయన పుట్టినరోజు, ముంగిట తెల్లారేసరికి పాట మొదలవుతుంది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు అందరూ గొంతు కలుపుతారు. బెంగాలీ రాని మా అత్తయ్య కూడా రెండు పాటలు నేర్చుకుంది.

సంచారి గారు అడిగేదీ రంగస్థలి గారు అడిగేదీ ఒకే కాంపౌండులో ఇముడుతాయని నేను కళ్లారా చూశాను.

సంచారి_నల్గొండ

ఆ తేడానే నేను చెప్పేది కామేశ్ గారూ. బెంగాలీలకు ఆయన పాట నోట్లో ఉంది. ఇల్లు ఏమైనా పాట ఉంటుంది. మన దగ్గర సరోజిని ఇంగ్లీషులో రాసింది, బడిలో ఒక పాఠంగా వచ్చి వెళ్లిపోయింది. హైదరాబాదు బజారులో తలపాగాలు అమ్మేవాళ్లను, గంధం నూరేవాళ్లను, పూలు అల్లేవాళ్లను ప్రశ్నలు వేస్తూ సాగే ఆ కవిత పదో తరగతి దాటాక ఎవరు చదివారు? ఆమెకు ఇల్లు తప్ప వేరే ఊతం లేదు. అందుకే నేను ఇంత పట్టుబడుతున్నది.

నీలవేణి_టీచర్

నేను చదివాను, ఏటా చదివిస్తాను. ఆ కవిత పాఠం వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లల చేత బజారు పెట్టించాను. ఒకడు తక్కెడ పట్టుకున్న వర్తకుడు, ఒకమ్మాయి పూలు అల్లే ఆవిడ, ఇంకొకడు వీణ వాయించే వాడు. ప్రశ్న ఇంగ్లీషులోనే, జవాబు ఇంగ్లీషులోనే, మధ్యలో బేరాలు మాత్రం హైదరాబాదీ తెలుగులో. ఆ ఏడాది ఇంగ్లీషంటే వణికే పిల్లలు కూడా ఆ కవిత అప్పజెప్పారు. పల్లకీ బోయీల పాట ఇంకా తేలిక. నలుగుర్ని నడిపిస్తూ చదివిస్తే అడుగుల లయ దానంతట అదే వస్తుంది.

సంచారి గారూ, ఆమె కవిత్వం చెవికి రాసింది. గోడ మీద రాస్తే అందేది తక్కువ. ఆ ఇంట్లో ఆడే ప్రతి నాటకానికి ముందు ఆమె కవిత ఒక్కటి, రెండే నిమిషాలు, ఎవరైనా నిలబడి చదివితే? దానికి అద్దాల బీరువా అక్కర్లేదు.

సంచారి_నల్గొండ

నీలవేణి గారూ, ఇది నాకు నచ్చింది. మనస్ఫూర్తిగా.

అయినా ఒక గది అడుగుతూనే ఉంటాను. ఇంటినిండా అక్కర్లేదు, ఒక్క గది. 1908 మూసీ వరదల్లో ఆమె చేసిన పని, దానికి ఇంగ్లీషువాళ్లు ఇచ్చిన పతకం, జలియన్‌వాలాబాగ్ తర్వాత దాన్ని తిరిగి ఇచ్చేయడం, 1925లో కాన్పూరు కాంగ్రెస్‌కు అధ్యక్షత. ఇవి కవితలో దొరకవు కదా.

అబిడ్స్_ఆదివారం

గదికి నేనూ ఓటేస్తాను. అందులో అసలు కాగితాలు పెట్టాలని మాత్రం అడగకండి. ఆమె కాగితాలు, పద్మజ కాగితాలు ఢిల్లీ తీన్‌మూర్తి భవన్ లైబ్రరీలో ఉన్నాయి, పరిశోధకులు అక్కడే చూస్తారు. స్టేషన్ రోడ్డు దుమ్ములో, మన వానాకాలం చెమ్మలో పాత ఉత్తరం పదేళ్లు బతకదు. నకళ్లు చాలు. చక్కగా పెద్దవి చేసి, పక్కన తెలుగులో, ఉర్దూలో వివరం ఇస్తే మేనకోడలు వచ్చి రాసుకుంటుంది.

మైసూరు_మురళి

మాల్గుడి కథలు రాసిన ఆర్.కె. నారాయణ్ గారి ఇల్లు, మా మైసూరు యాదవగిరిలోది, దాని గురించి ఎవరూ రాయలేదే. 2011లో కూల్చడం మొదలైంది. పత్రికల్లో వచ్చాక గొడవై ఆగింది. ప్రభుత్వం కొని బాగుచేసి 2016లో మ్యూజియంగా తెరిచింది. శుభ్రంగా ఉంటుంది, ఆయన కళ్లద్దాలు, కోట్లు, పుస్తకాలు. నేను మా నాన్నగారిని తీసుకెళ్లాను. నారాయణ్ కథలన్నీ చదివిన మనిషి, మేడ మీద కిటికీల గదిలో చాలాసేపు నిలబడ్డారు. ఆ కాసేపట్లో ఎవరైనా రిహార్సల్ చేస్తుంటే ఆయనకు ఆ తృప్తి దక్కేది కాదు. మ్యూజియం అంటే చచ్చిన ఇల్లు అన్నట్టు మాట్లాడకండి. పాఠకుడికి కూడా హక్కుంది.

గోదారిగట్టు

అదండీ! ఇందాకటి నుంచి నేను చెప్పాలనుకున్నది మురళి గారు చెప్పేశారు.

రంగస్థలి

మురళి గారూ, చచ్చిన ఇల్లని నేను అనలేదు. నారాయణ్ గారు ఒంటరిగా కూర్చుని రాసుకున్న మనిషి, ఆయన ఇంటికి ఆ నిశ్శబ్దం నప్పుతుంది. నాంపల్లి ఇల్లు తోటలో దర్బారు నడిచిన ఇల్లు. ఇంటి స్వభావాన్ని బట్టి పోవాలి. ఆ లెక్కన గోదారిగట్టు గారి పంతులు గారి ఇల్లు ఎటువైపో ఆయనే చెప్పాలి.

గోదారిగట్టు

పంతులు గారి ఇల్లు పెళ్లిళ్ల ఇల్లండి. మీ మాట ప్రకారమే పోతే అక్కడ కులాంతర వివాహాలు చేయించాలి. దానికైతే నేను సై.

నీలవేణి_టీచర్

గోదారిగట్టు గారూ, ఈ చర్చ మొత్తంలో ఇంత మంచి మాట ఇంకొకటి రాలేదు.

బెజవాడ_బాబ్జీ

మొదటి పెళ్లి భోజనాలకి బెజవాడ నుంచి మేమొస్తాం.

లలిత_పి

అందరివీ రెండుసార్లు చదివాను. రంగస్థలి గారి "ఇంటి స్వభావం" మాట నాన్నకు చదివి వినిపించాను. మాది అరుగు ఇల్లు. తాతగారి బల్లంటూ లేదు, ఆయన అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని చెప్తే మా అత్త రాసేది. కాబట్టి అరుగే తెరవాలి. కానీ కరెంటు బిల్లు, ఇంటి పన్ను, ఊడ్చే మనిషి జీతం ఎవరిస్తారని పెద్దబాబాయి అడుగుతున్నారు. ఆయన అడగడంలో న్యాయం ఉంది, ఇన్నాళ్లూ పన్ను ఆయనే కడుతున్నారు.

రంగస్థలి

బంజారాహిల్స్‌లో లమకాన్ చూడండి. 2010 నుంచి నడుస్తోంది. రచయిత ఇల్లు కాదు, సినిమా డాక్యుమెంటరీలు తీసినాయన ఇల్లు. కుటుంబం వాళ్లు అందరికీ తెరిచారు. ముంగిట చెట్టు కింద నాటకాలు, ముషాయిరాలు, పుస్తకాల చర్చలు, పక్కనే క్యాంటీన్. చాయ్, సమోసా తక్కువ ధరకే, అయినా జనం ఎక్కువ కాబట్టి నడక సాగుతుంది. చిన్న టౌన్‌లో అంత జనం రారు, కానీ పద్ధతి పనికొస్తుంది. ప్రవేశ రుసుము పెట్టొద్దు, ఒక మూల కాఫీ పెట్టండి.

చార్మినార్_చాయ్

నా పేరుల్నే చాయ్ ఉన్నది, నేను ముందే చెప్పాల్సింది. ఇరానీ చాయ్ మాస్టర్ కావాల్నంటే పంపిస్త అక్కా.

సున్నం_సుధాకర్

వంట మాత్రం పెంకుటింటి లోపల వద్దు. వెనక దొడ్లో రేకుల షెడ్డు వేసి అక్కడ చేయించండి. మరుగుదొడ్లు కూడా అక్కడే, ఆడవాళ్లకు విడిగా. చాలా చోట్ల సభలకు ఆడవాళ్లు రాకపోవడానికి కారణం ఇదొక్కటే, ఎవరూ పైకి చెప్పరు.

నీలవేణి_టీచర్

నూటికి నూరుపాళ్లు. సాయంత్రం ఆరు దాటాక మొదలయ్యే సభలు కూడా అంతే. ఐదింటికి మొదలుపెట్టి ఏడింటికి ముగించండి లలిత గారూ, మీ ఊరి ఆడవాళ్లు వస్తారు.

వకీలు_వీధి

కాగితాల సంగతి చెప్తాను. లలిత గారూ, ఇప్పుడే దానపత్రం రాయకండి. దానం ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కష్టం, ఇద్దరు సాక్షులతో రిజిస్టరు అయిపోయిందంటే ఇల్లు మీది కాదు. సంచుల్లో పుస్తకాల అనుభవం ఉంది కదా మీకు. ముందు ఇంటి వాళ్లే ఐదారుగురు ఊరివాళ్లతో కలిసి ట్రస్టు గానీ సొసైటీ గానీ పెట్టి రిజిస్టరు చేయించండి. దానికి ముందుభాగం, అంటే అరుగులు, మండువా, లీజుకు ఇవ్వండి. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాల్సిందే, లేకపోతే కోర్టులో నిలవదు. అద్దె నామమాత్రం పెట్టుకోవచ్చు కానీ పన్ను ఎవరు కట్టాలో, మరమ్మతు ఎవరిదో, ఏ పనికి వాడాలో, ఏ పనికి వాడకూడదో అందులో స్పష్టంగా ఉండాలి. పెళ్లిళ్లకు, పార్టీ మీటింగులకు ఇవ్వకూడదని కూడా రాయించండి. గోదారిగట్టు గారు మన్నించాలి.

ముఖ్యంగా ముగ్గురు అన్నదమ్ముల సంతకాలూ ఉండాలి. మాట్లాడని చిన్నబాబాయిది ముందు.

గోదారిగట్టు

కులాంతర వివాహాలకు మినహాయింపు రాయించండి వకీలు గారూ.

సంచారి_నల్గొండ

లలిత గారూ, మీ తాతగారి కవితలు అచ్చయ్యాయా? అచ్చు కానివి మీ అత్త చేతిరాతలో ఉంటే ముందు వాటి ఫోటోలు తీసి పెట్టుకోండి. అరుగు తెరిచిన రోజు ఎవరు మాట్లాడినా మాట్లాడకపోయినా ఆయన పద్యం ఒకటి చదవండి. నీలవేణి గారి పద్ధతి మీ ఇంట్లోనే మొదలవనివ్వండి.

రంగస్థలి గారూ, ఫిబ్రవరి 13 ఆమె పుట్టినరోజు. నాంపల్లిలో ఆ రోజు చదవడానికి ఎవరిని అడగాలో మీకు తెలిసి ఉంటుంది. నేను, మా మేనకోడలు వస్తాం. ఆ ఒక్క గది సంగతి కూడా అక్కడే అడుగుతాను, వదిలిపెట్టను.

రంగస్థలి

అడుగుదాం, ఇద్దరం కలిసే అడుగుదాం. యూనివర్సిటీకి రాతపూర్వకంగా పెట్టాలి. నేను ముసాయిదా రాస్తాను, అబిడ్స్ గారు తేదీలు సరిచూడండి.

అబిడ్స్_ఆదివారం

పంపండి. ఉర్దూలో రాయడానికి కూడా మా పక్కింటి మాస్టారున్నారు.

లలిత_పి

అత్త దగ్గర నాలుగు నోటుబుక్కులు ఉన్నాయట. ఈ శనివారం వెళ్తున్నాను. చిన్నబాబాయి ఇవాళ మొదటిసారి మాట్లాడారు, "అరుగు ముందు పందిరి పాతది, దాన్ని తీసేయించాలి" అన్నారు. సుధాకర్ గారూ, పందిరి కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి, తీసేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

సున్నం_సుధాకర్

ఫోటో పెట్టండి. కర్ర గోడలోకి దిగి ఉంటే లాగకండి, గోడ బయట కోయించి మిగతాది అలాగే వదిలెయ్యండి. వానలు మొదలయ్యే లోపు చేయించండి.